డయాలసిస్ సూది నొప్పి: మందు లేకుండా తగ్గించే దారులు

మామూలు ఇంజెక్షన్ సూది లావు ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు. డయాలసిస్‌లో ఎక్కువగా వాడే 16 గేజి సూది లావు 1.6 మిల్లీమీటర్లు, 15 గేజిదైతే 1.8. గేజి అంకె తగ్గేకొద్దీ సూది లావెక్కుతుంది. ఒక్కో విడతకు రెండు సూదులు కావాలి. ఒకటి ఒంట్లోంచి రక్తాన్ని మెషిన్‌కు తీసుకుపోతుంది, రెండోది వడగట్టిన రక్తాన్ని తిరిగి లోపలికి పంపుతుంది. వారానికి మూడు విడతలంటే ఏడాదికి 312 పోట్లు. వారానికి రెండేసార్లు చేయించుకునేవారికి కూడా 208. గురి తప్పి మళ్లీ గుచ్చినవి ఈ లెక్కలో లేవు.

సన్న సూది వేస్తే సరిపోదా అని కొత్తగా వచ్చిన పేషెంట్లు చాలామంది అడుగుతారు. సరిపోదు. పంపు నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున లాగితే నాలుగు గంటల్లో 72 లీటర్ల రక్తం ఫిల్టర్ గుండా తిరుగుతుంది. అంత వేగంతో సన్న సూదిలోంచి లాగబోతే పంపు ముందరి ప్రెషర్ మైనస్ 250 (mmHg) దాటిపోయి అలారం మోగుతుంది, ఎర్రకణాలు చితికిపోతాయి. కొత్త ఫిస్టులాకు (డయాలసిస్ సూదుల కోసం చేతిలో ధమనినీ సిరనూ ఆపరేషన్‌తో కలిపి తయారుచేసిన నాళానికి) మొదట్లో 17 గేజి సూది వేసి, పంపును 200, 250 దగ్గర నడిపి, నాళం గట్టిపడ్డాక 16కు, ఆపై 15కు వెళ్తారు. కాబట్టి సూది లావు తగ్గించి నొప్పి తగ్గించే దారి దాదాపు మూసుకుపోయినట్టే.

మత్తు క్రీము ఉంది. కానీ అది పనిచేయాలంటే గంట ముందే రెండు చోట్లా మందంగా రాసి, పైన ప్లాస్టిక్ పొర కప్పి ఉంచాలి. ఆ రోజు సూది ఎక్కడ పడుతుందో ఇంటి దగ్గరే తెలిసి ఉండాలి, ప్రతి విడతకూ ఖర్చు పెట్టగలగాలి. చర్మం కింద మత్తు ఇంజెక్షన్ ఇస్తే అది మరో పోటు, పైగా మందు ఎక్కేటప్పుడు మంట. అందుకే మందుతో పనిలేని పద్ధతుల మీద నర్సింగ్ పరిశోధన గట్టిగా సాగింది. మన దేశంలోనూ, ఇరాన్, తుర్కియే దేశాల్లోనూ ఐసు, శ్వాస, సంగీతం, వాసన, ఒత్తిడి బిందువులు, వర్చువల్ రియాలిటీ కళ్లజోళ్లు అన్నిటినీ డయాలసిస్ బెడ్ దగ్గర పరీక్షించి చూశారు.

"పాత చోటే వేయండి సిస్టర్"

సూది వేసే వేళ ఏ డయాలసిస్ హాల్లోనైనా వినిపించే మాట ఇది. నొప్పిని చిన్న విషయంగా తీసేయకూడదనడానికి ఈ ఒక్క మాట చాలు. ఒకే చోట పదేపదే గుచ్చితే అక్కడి చర్మం మచ్చకట్టి మొద్దుబారుతుంది, పోటు అంతగా తెలియదు. వేసేవారికీ అది సుళువే, తెలిసిన చోటు కాబట్టి గురి తప్పదు. కానీ ఆ రెండు మూడు సెంటీమీటర్ల జాగాలో నాళం గోడ పలచబడి బుడిపెలా పొంగుతుంది, పక్కనే ఇరుకు ఏర్పడుతుంది. బుడిపె మీది చర్మం కాగితంలా పలచబడి మెరుస్తున్నా, పెచ్చు ఊడిపోకుండా అంటిపెట్టుకునే ఉన్నా అది పగిలే ప్రమాదానికి గుర్తు. ఆ చోట ఇక సూది వేయకూడదు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఇంటి దగ్గర పగిలితే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది.

దీనికి విరుగుడు నిచ్చెన మెట్ల పద్ధతి. నాళం పొడవునా ఒక్కో విడతకు కిందటి పోటు నుంచి అర సెంటీమీటరో, సెంటీమీటరో జరుగుతూ పైకి వెళ్లి, చివరికి చేరాక మళ్లీ కింది నుంచి మొదలుపెట్టడం. ఆపరేషన్ కుట్టు దగ్గర నాలుగు సెంటీమీటర్ల జాగా వదలాలి, రెండు సూదుల మొనల మధ్య కనీసం ఐదు సెంటీమీటర్ల ఎడం ఉండాలి. పాత మచ్చలు మానడానికి ఇందులో వారాల వ్యవధి దొరుకుతుంది. చిక్కల్లా ఒకటే. ప్రతిసారీ సూది దిగేది మొద్దుబారని చర్మంలోకి, నొప్పి పూర్తిగా తెలుస్తుంది. అందుకే పేషెంటు చెయ్యి వెనక్కి లాక్కుంటారు, పాత చోటునే వేలితో చూపిస్తారు. మూడో షిఫ్టు హడావిడిలో ఉన్న సిస్టర్ కూడా సరేనంటుంది. ఫిస్టులా పాడయ్యే దారి ఇలాగే మొదలవుతుంది.

నొప్పి తగ్గించడాన్ని జాలితో చేసే పనిగా కాకుండా ఫిస్టులాను కాపాడే పనిగా చూడాల్సింది ఇందుకే. కొత్త చోటి పోటు భరించగలిగేలా ఉంటే పేషెంటు కొత్త చోటుకు ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే నాళం ఎక్కువ కాలం నిలుస్తుంది. నిలిచినంత కాలం మెడలో కాథెటర్ (రక్తనాళంలోకి వేసే గొట్టం) పెట్టించుకునే అవసరం, దాంతో వచ్చే ఇన్ఫెక్షన్ బెడద తప్పుతాయి.

బటన్‌హోల్ అనే మూడో పద్ధతీ ఉంది. పోలెండ్‌కు చెందిన డాక్టర్ త్వార్దోవ్‌స్కీ 1970లలో దీన్ని వివరించారు. ఒకే రంధ్రం, ఒకే కోణం, ఒకే లోతు, వేసేదీ ఒకరే. ఇలా ఎనిమిది, పది విడతలు పదునైన సూదితో వేస్తే చెవి కుట్టినట్టు లోపల సొరంగం ఏర్పడుతుంది. తర్వాత మొన మొద్దుగా ఉండే సూదిని ఆ దారిలో జారిస్తే చాలు. వినడానికి బాగుంటుంది. అయితే నొప్పి తగ్గుతుందా అన్న ప్రశ్నకు పరిశోధనలు ఒకే మాట చెప్పలేదు. ఇన్ఫెక్షన్ పెరుగుతుందన్నది మాత్రం గట్టిగా తేలింది. ప్రతిసారీ పెచ్చును నానబెట్టి పూర్తిగా తీసి, మళ్లీ శుభ్రం చేసి వేయకపోతే పెచ్చులోని స్టెఫైలోకాకస్ క్రిములు సూదితో పాటు నేరుగా రక్తంలోకి దిగుతాయి. అమెరికా కిడ్నీ మార్గదర్శకాలు 2019లో దీన్ని ప్రత్యేక సందర్భాలకే పరిమితం చేయమన్నాయి. షిఫ్టుకో మనిషి మారే మన సెంటర్లలో ఒకే చెయ్యి, ఒకే కోణం అనే మొదటి షరతే నిలబడదు. నొప్పి ఒక్కదాని కోసం దీన్ని ఎంచుకోవడం మంచి బేరం కాదు. ఫిస్టులా బదులు గ్రాఫ్టు (కృత్రిమ గొట్టం) ఉన్నవారికైతే అసలే పనికిరాదు.

వేసే చేతిలో ఉన్నదే ఎక్కువ

ఐసు, పాటలు, అత్తరు వాసనల జోలికి వెళ్లేముందు చూడాల్సింది సూది వేసే తీరు. అది సరిగా లేనిచోట మిగతావన్నీ పైపై అలంకారాలే.

చాలామంది "మంట, మంట" అనే నొప్పిలో కొంత సూదిది కాదు, ఆరని స్పిరిట్‌ది. దూదితో తుడిచి, తడి మెరుస్తుండగానే గుచ్చితే ఆ స్పిరిట్ సూది వెంట చర్మం లోపలికి దిగి భగ్గుమంటుంది. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన స్పిరిట్ అయితే 30 సెకన్లు రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. పోవిడోన్ అయోడిన్ అయితే రెండు మూడు నిమిషాలు ఆగాలి, అది క్రిములను చంపేది ఆ ఆరే సమయంలోనే. నోటితో ఊదడం, చేత్తో విసరడం కూడదు. పేషెంటు లోపలికి వచ్చేముందే ఫిస్టులా చేతిని సబ్బుతో కడుక్కుని ఉండాలి.

తర్వాత చూపు, స్పర్శ. నాళం ఎటు వంపు తిరిగిందో, ఎంత లోతులో ఉందో వేళ్లతో తడిమి తెలుసుకుని, మొన ఎక్కడ దిగాలో ముందే తేల్చుకోవాలి. ముదిరిన ఫిస్టులా అయినా పైన టర్నికెట్ (బిగించే పట్టీ) కట్టాల్సిందే. నాళం నిండి, కదలకుండా నిలుస్తుంది, గోడలు దూరంగా ఉంటాయి, సూది వెనక గోడను పొడిచే అవకాశం తగ్గుతుంది. బిగువు మాత్రం వేళ్లు తిమ్మిరెక్కేంత కాకూడదు. ఆపైన ఒక చిన్న కిటుకు ఉంది. బొటనవేలితో చర్మాన్ని సూది వెళ్లే దిశకు ఎదురుగా గట్టిగా లాగి పట్టుకోవాలి. బిగదీసిన చర్మంలో సూది ఒక్క ఊపున దిగుతుంది. ఆ నొక్కుడుకు చర్మంలోని నాడుల కొసలు కూడా కొద్ది సెకన్లు మందగిస్తాయి. ఆ సెకన్లలోనే సూది దిగిపోవాలి. వదులు చర్మంలో నెమ్మదిగా నెట్టే సూదే ఎక్కువ బాధిస్తుంది. జాలిపడి మెల్లగా గుచ్చడం మేలు చేసినట్టు కాదు.

సూది మొనలో ఏటవాలుగా కోసిన వైపు పైకి ఉండాలి. కోణం ఫిస్టులాకు సుమారు 25 డిగ్రీలు, గ్రాఫ్టుకు 45. ట్యూబులో రక్తం తొంగిచూడగానే కోణం తగ్గించి, నాళం వెంట సూదిని పూర్తిగా జార్చాలి. అదే కోణంలో ఇంకా నెడితే వెనక గోడకు తగులుతుంది. "లోపల ఏదో గుచ్చుకుంటోంది" అని విడతంతా బాధపడే పేషెంట్లలో చాలామందికి కారణం ఇదే. లోపలికి వెళ్లాక సూదిని 180 డిగ్రీలు తిప్పడం పాత అలవాటు. దాంతో రంధ్రం పెద్దదై, నాళం లోపలి పొర చీరుకుని, నొప్పీ రక్తం కారడమూ రెండూ పెరుగుతాయి. వెనకవైపు కన్నం ఉన్న సూదులు వచ్చాక దాని అవసరమే లేదు. టేపు వేసేటప్పుడు సూది రెక్కలను బలవంతంగా చర్మానికి అదిమితే మొన లోపల పైకి లేస్తుంది. అలా లేస్తుంటే రెక్కల కింద చిన్న గాజుగుడ్డ మడత పెట్టాలి.

రెండుసార్లు గురి తప్పితే మూడోసారి అదే మనిషి ప్రయత్నించకూడదు. ఇది సిస్టర్‌కో, టెక్నీషియన్‌కో అవమానం కాదు. సూది లోపల పెట్టుకుని నాళం కోసం అటూఇటూ వెతకడమంత బాధాకరమైనది డయాలసిస్‌లో మరొకటి లేదు. చెయ్యి ఉబ్బిపోయేదీ అప్పుడే.

ఐసు ముక్క: రెండో చేతికి

చవకైనది, నమ్మదగినది, ఎక్కడైనా దొరికేది ఐసు. విచిత్రం ఏమిటంటే దాన్ని సూది వేసే చోట పెట్టనక్కర్లేదు, పెట్టకూడదు కూడా. ఫిస్టులా మీద పెడితే నాళం ముడుచుకుంటుంది, శుభ్రం చేసిన చర్మం తడుస్తుంది. ఐసు రుద్దాల్సింది ఫిస్టులా లేని చేతికి, బొటనవేలు, చూపుడువేలు కలిసేచోట మెత్తగా ఉండే కండ మీద. చైనా వైద్యంలో ఆ చోటును హెగు బిందువు అంటారు.

ఢిల్లీ ఎయిమ్స్ నర్సింగ్, కిడ్నీ విభాగాల వారు 60 మంది పేషెంట్ల మీద దీన్ని పరీక్షించి, 2008లో ఇండియన్ జర్నల్ ఆఫ్ నెఫ్రాలజీలో ప్రచురించారు. సూదికి పది నిమిషాల ముందు మొదలుపెట్టి, గుచ్చుతున్నప్పుడూ ఐసు ఆపకుండా కొనసాగించారు. ఐసు రుద్దినవారిలో నొప్పి స్పష్టంగా తగ్గింది.

ఒక చేతి చలి రెండో చేతి నొప్పిని ఎలా ఆపుతుంది? ఇక్కడ రెండు సంగతులు కలుస్తాయి. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో నొప్పికి ఒక గేటు ఉందని ప్రతిపాదించారు. స్పర్శను, ఒత్తిడిని మోసే లావు నాడులు చురుగ్గా ఉంటే, నొప్పిని మోసే సన్న నాడుల సందేశం అక్కడే చాలావరకు ఆగిపోతుంది. దెబ్బ తగిలినచోట చెయ్యి దానంతట అదే వెళ్లి రుద్దడం ఈ గేటు పనే. రెండోది, ఒంట్లో ఒకచోట ఘాటైన బాధ ఉంటే మెదడు కాండం నుంచి కిందికి దిగే అదుపు మిగతా చోట్ల నొప్పిని అణచివేస్తుంది. అవతలి చేతి ఐసు పనిచేసేది ముఖ్యంగా ఈ రెండో దారిలో. అందుకే ఐసు హాయిగా అనిపించేంత చల్లగా ఉంటే లాభం లేదు, చురుక్కుమనాలి. ముందు చలి, తర్వాత మంట, ఆపైన సలుపు, చివరికి మొద్దుబారడం. ఈ వరస పూర్తయ్యాకే సూది.

చేసే తీరు ఇలా. గ్లౌజు వేలిలోనో, పలుచటి గుడ్డలోనో ఒక ఐసు ముక్క చుట్టి, గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. ఒకేచోట కదలకుండా పెడితే చర్మం కమిలిపోతుంది. కరిగితే ఇంకో ముక్క. రెండు నిమిషాలకోసారి చర్మం చూడాలి, తెల్లగా పాలిపోతే ఆపాలి. షుగర్ వల్ల వేళ్లకు స్పర్శ తగ్గినవారు ఇందులో జాగ్రత్తగా ఉండాలి, కమిలినా వారికి తెలియదు. చలికి వేళ్లు నీలం తిరిగేవారికి, చలి పడక దద్దుర్లు వచ్చేవారికి ఐసు వద్దు. ఇంకో మాట, నీళ్లు కొలుచుకుని తాగే పేషెంటు చేతికి ఐసు ఇస్తే నోట్లో వేసుకోవాలనిపించడం సహజం. ట్రేలోని ఒక్కో ముక్క కరిగితే 20, 30 మిల్లీలీటర్లు అవుతుంది. రుద్దే ముక్కలకు ఆ లెక్క ముందే చెప్పి ఇవ్వడం మంచిది.

"పది నిమిషాలు ఎక్కడివి?" అన్నది సిబ్బంది నుంచి వచ్చే అభ్యంతరం. 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం మొదలయ్యాక జిల్లా ఆస్పత్రుల్లో పడకలు పెరిగాయి, వాటిని మించి పేషెంట్లు పెరిగారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి, సోంపేట, పలాస సెంటర్లకు వచ్చేవారి రద్దీ చూస్తే అభ్యంతరం అర్థమవుతుంది. కానీ ఈ పది నిమిషాలు ఎవరి సమయాన్నీ తినవు. బరువు చూసి, బీపీ చూసి, మెషిన్ ట్యూబుల్లో సెలైన్ నింపి గాలి తీసేలోపు పావుగంట ఎలాగూ గడుస్తుంది. ఐసు రుద్దుకునేది పేషెంటో, వెంట వచ్చినవారో. సిస్టర్ చేయాల్సిందల్లా "ఇప్పుడు మొదలుపెట్టండి" అనడమే. ఇంటి ఫ్రిజ్‌లోని ఐసును ఫ్లాస్కులో తెచ్చుకునే ఏర్పాటు చేసుకుంటే సెంటర్‌లో ఐసు లేదన్న సమస్యా ఉండదు.

ఇదే సూత్రం మీద అమెరికాలో ఒక పిల్లల డాక్టర్ తేనెటీగ ఆకారంలో చిన్న పరికరం తయారుచేశారు. వెనక ఐసు రెక్కలు, లోపల వైబ్రేషన్ మోటారు. సూది పడేచోటుకు పైన, గుండె వైపు పెడతారు. పిల్లలకు, కొత్త పేషెంట్లకు బాగుంటుంది. ఫిస్టులా నాళం మీద మాత్రం పెట్టకూడదు.

ఊపిరి, చూపు, మాట

శ్వాసకు ఖర్చు లేదు, సరుకు అక్కర్లేదు, కానీ నేర్పించాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, పెదాలు గుండ్రంగా చేసి వేడి పాలు ఊదినట్టు ఆరు అంకెలసేపు వదలాలి. ఇలా ఐదారుసార్లు అయ్యాక, వదలడం మొదలైన క్షణంలో సూది దిగాలి. గాలి వదిలేటప్పుడు కండరాలు సడలుతాయి, గుండె వేగం తగ్గుతుంది. చాలామంది సరిగ్గా దీనికి వ్యతిరేకం చేస్తారు. ఊపిరి బిగబట్టి, భుజం పైకి లాగి, పిడికిలి బిగిస్తారు. బిగిసిన ముంజేతిలో నాళం జారుతుంది, గురి తప్పుతుంది.

గాలి బిగబట్టి ముక్కే వల్సాల్వా పద్ధతి నొప్పి తగ్గిస్తుందని పరిశోధనలు చెప్పిన మాట నిజమే. బీపీ మిషన్ గొట్టంలోకి 20 నుంచి 30 దాకా ముల్లు లేచేలా పదిహేను, ఇరవై సెకన్లు ఊదించడం దాని రూపం. డయాలసిస్ పేషెంట్లలో దీన్ని అందరికీ సలహాగా ఇవ్వడం సరికాదు. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవారు, గుండె బలహీనంగా ఉన్నవారు, బీపీ అదుపులో లేనివారు ఇక్కడే ఎక్కువ, ముక్కడం వారికి చేటు. దగ్గేటప్పుడు గుచ్చే కిటుకూ అంతే. టీకా సూదికి అది నప్పుతుంది. ఇంత లావు సూదితో నాళం వెతికేటప్పుడు చెయ్యి అదిరితే నష్టం.

నొప్పిని మర్చిపోవడానికి మెదడుకు పని కల్పించాలి. పని ఎంత శ్రద్ధ అడిగితే అంత ఫలితం. గోడ మీద టీవీ మోగుతుంటే సరిపోదు, అది అందరిదీ. చెవుల్లో పేషెంటు తాను ఎంచుకున్న పాత పాటో, హరికథో, ప్రవచనమో సూదికి పది నిమిషాల ముందే మొదలవ్వాలి. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా వచ్చే రైలు స్టేషన్లను వెనక నుంచి చెప్పమనవచ్చు, వంద నుంచి ఏడేసి తగ్గించమనవచ్చు. ఖాళీ చేతిలో మెత్తటి బంతి పిసకడం కూడా పనికొస్తుంది. వర్చువల్ రియాలిటీ కళ్లజోడుతో ఫలితాలు బాగున్నాయి, కానీ పేషెంటుకూ పేషెంటుకూ మధ్య తుడవాల్సిన సామాను అది. తల తిరిగేవారికి పడదు. లావెండర్ వాసన ఐదు నిమిషాలు పీలిస్తే నొప్పి తగ్గిందని ఇరాన్ అధ్యయనాలు చెబుతున్నాయి. రుమాలు మీద రెండు మూడు చుక్కలు వేసుకుని పీల్చడంలో తప్పులేదు. ఆస్తమా ఉన్నవారు, పక్క బెడ్‌లో ఘాటు పడనివారు ఉంటే వద్దు. ఈ అధ్యయనాలన్నీ చిన్నవి, ఎవరికి ఏం ఇస్తున్నారో దాచడం కుదరని రకానివి. కాబట్టి వాసన వల్ల కలిగిన ఫలితం ఎంత, ఎవరో శ్రద్ధగా పక్కన నిలబడ్డందువల్ల కలిగింది ఎంత అన్నది విడదీసి చూడలేం. పేషెంటుకు రెండూ ఉపయోగమే.

మాట సంగతి అందరూ వదిలేస్తారు. అమెరికాలో 2010లో ప్రసవానికి వచ్చిన 140 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనంలో, వెన్నులో మత్తు సూదికి ముందు కొందరితో "ఇప్పుడు పెద్ద తేనెటీగ కుట్టినట్టు ఉంటుంది" అన్నారు, మిగతావారికి ఆ చోటు మొద్దుబరుస్తున్నామని, హాయిగా ఉంటుందని చెప్పారు. తేనెటీగ మాట విన్నవారే ఎక్కువ నొప్పి చెప్పారు. మన హాళ్లలో "కాస్త ఓర్చుకో అమ్మా, నొప్పేస్తది" అన్నది ప్రేమతో అన్న మాటే. దాని బదులు "చెయ్యి వదులుగా పెట్టండి, గాలి మెల్లగా వదలండి, అయిపోతుంది" అంటే మెదడుకు ఒక పని దొరుకుతుంది. అబద్ధం మాత్రం ఆడకూడదు. "అసలేం తెలియదు" అని గుచ్చితే రెండో విడత నుంచి ఏ మాటా నమ్మరు.

సూదిని చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవారికి దారి వేరు. వారికి విశ్రాంతి శ్వాస బీపీని ఇంకా దించవచ్చు. స్వీడన్ మనస్తత్వ నిపుణుడు ఓస్ట్ చూపిన పద్ధతిలో కాళ్లు, తొడలు, ఖాళీ చేతి కండరాలను పది పదిహేను సెకన్లు బిగించి, ముఖం వెచ్చబడ్డాక అరనిమిషం వదలాలి. ఇలా ఐదుసార్లు. ఫిస్టులా చెయ్యి మాత్రం వదులుగానే ఉండాలి. గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగాకే.

ఏ నొప్పిని తగ్గించకూడదు

పోటు నొప్పి సూది నిలిచాక కొద్దిసేపట్లో చల్లబడాలి. పంపు తిరగగానే మంటతో చెయ్యి ఉబ్బుతుంటే, వీనస్ ప్రెషర్ (రక్తం ఒంట్లోకి తిరిగి వెళ్లే ట్యూబులోని ప్రెషర్) పెరుగుతుంటే, సూది నాళం దాటి రక్తం కండలోకి పోతున్నట్టు. వెంటనే పంపు ఆపించాలి. డయాలసిస్ నడుస్తుండగా వేళ్లు చల్లబడి, పాలిపోయి సలిపితే వేళ్లకు అందాల్సిన రక్తాన్ని ఫిస్టులా లాగేసుకుంటోందని అనుమానించాలి. పోటు చుట్టూ ఎరుపు, వేడి, చీము, వణుకుతో జ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్. ఫిస్టులా మీద వేలు పెడితే తగిలే జుమ్మనే కదలిక తగ్గినా, ఆగినా సూది వేయకుండా డాక్టరుకు చెప్పాలి. వీటిలో దేన్నీ ఐసుతో, పాటలతో కప్పిపెట్టకూడదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్లకు కళ్లజోడు ఉన్న పేషెంటుతో "నొప్పేస్తే చెయ్యెత్తండి" అని ముందే ఒక సైగ మాట్లాడుకోవడం, ఫిస్టులా చేతిని దుప్పటితో కప్పకపోవడం ఇందుకే.

ఏది పనిచేస్తోందో తెలియాలంటే ఒక పాకెట్ నోటుబుక్కు చాలు. ప్రతి విడతకూ తేదీ, సూది గేజి, ఎక్కడ వేశారు, ఎన్నోసారికి పడింది, ఏ పద్ధతి వాడారు, నొప్పి రూపాయిలో ఎన్ని పైసలు. సున్నా నుంచి పది దాకా చెప్పమంటే తడబడే పెద్దవారు కూడా "ముప్పావలా" అని వెంటనే చెబుతారు. మూడు విడతలు ఏమీ లేకుండా, మూడు ఐసుతో, మూడు ఐసూ శ్వాసా కలిపి చూస్తే మూడు వారాల్లో తేడా కనబడుతుంది. ఒక్కోసారి కనిపించేది ఇంకొకటి, నొప్పి పెరిగిన రోజులన్నీ ఒకే చోటికో, ఒకే మనిషి సూది వేసే తీరుకో సంబంధించినవై ఉంటాయి. అప్పుడు మార్చాల్సింది ఐసు కాదు.

సూది తీసేటప్పటి నొప్పి గురించి దాదాపు ఎవరూ అడగరు. ముంజేతి వెంట్రుకలకు అంటుకున్న టేపును ఒక్క లాగు లాగితే, లోపల సూది కదిలి నాళం గోడకు తగులుతుంది. టేపు అంచును స్పిరిట్ దూదితో తడిపి, రెక్కలు ఒక చేత్తో పట్టుకుని, చర్మానికి దగ్గరగా మెల్లగా ఊడదీయాలి. గాజుగుడ్డను రంధ్రం మీద ఆనించి ఉంచాలే తప్ప నొక్కకూడదు. సూది వేసిన కోణంలోనే బయటికి లాగి, మొన పూర్తిగా బయటికి వచ్చాక అప్పుడు నొక్కాలి. ముందే నొక్కితే సూది వాలు అంచు గోడను కోసుకుంటూ వస్తుంది, ఆ కోత తర్వాతి విడత దాకా సలుపుతుంది. రెండు వేళ్లతో, ఒకటి చర్మం రంధ్రం మీద, ఇంకోటి దానికి కాస్త పైన నాళం రంధ్రం మీద ఉంచి పది నిమిషాలు నొక్కాలి. మధ్యలో ఎత్తి చూడకూడదు, జుమ్మనే కదలిక వేళ్ల కింద ఆగిపోయేంత బలమూ పెట్టకూడదు.